కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక 2024–25: నిరాశ్రయుల కోసం చేసిన పని

సభ్యులకు నమస్కారం.

గుడి దగ్గర, సిగ్నల్ దగ్గర అడుక్కునేవాళ్లను పోలీసులకు చెప్పి పంపించేయాలని పోయిన సర్వసభ్య సమావేశంలో కొందరు గట్టిగా అడిగారు. కార్యవర్గం ఒప్పుకోలేదు. 2017 నవంబరులో అంతర్జాతీయ సదస్సుకు ముందు హైదరాబాద్‌లో భిక్షాటనను రెండు నెలలు నిషేధించి, దొరికినవాళ్లను చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని ఆనందాశ్రమాలనే పునరావాస కేంద్రాలకు తరలించారు. ఆ తర్వాత సిగ్నళ్లు ఎలా ఉన్నాయో రోజూ చూస్తూనే ఉన్నాం. పేదరికం వల్లే జనం అడుక్కుంటున్నారని 2021లో సుప్రీంకోర్టు కూడా అంది.

తిండికి మన దగ్గర లోటు లేదు. శనివారాల్లో పులిహోర ప్యాకెట్లు మిగిలిపోతున్నాయి కూడా! లేనిదల్లా పడుకోడానికి చోటు, చేతిలో ఒక కాగితం. నైట్ షెల్టర్‌కి రమ్మంటే చాలామంది రాలేదు. భార్యాభర్తలు విడివిడిగా ఉండాలి, మూటలు పెట్టుకోడానికి చోటుండదు. వాళ్లది మొండితనం అనుకోవడం మనకు తేలిక.

వచ్చినవాళ్లకు ముందు ఆధార్ పని మొదలుపెట్టాం. అడ్రస్ లేదని ఆధార్ లేదు, ఆధార్ లేదని బ్యాంకు ఖాతా లేదు, ఖాతా లేదని పింఛను లేదు. గుర్తింపు ఉన్న షెల్టర్ నిర్వాహకులు ధ్రువపత్రం ఇస్తే ఆధార్‌కి అది చెల్లుతుంది. ఈ సంగతి మన కార్యవర్గంలోనే సగం మందికి తెలియదు.

బస్‌స్టాప్‌లో తనలో తను మాట్లాడుకుంటూ ఉండే ఆవిడ విషయంలో ఎక్కువ తిరగాల్సి వచ్చింది. పోలీసు స్టేషన్‌లో మొదట "మా పని కాదు" అన్నారు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లోని 100వ సెక్షన్ ప్రింట్ తీసి చూపించాం. ఇలా తిరిగేవాళ్లను రక్షణలోకి తీసుకుని, 24 గంటల్లోపు ప్రభుత్వ వైద్యానికి చేర్చడం, ఇంటివాళ్లను వెతకడం పోలీసుల బాధ్యతే. ఆ తర్వాత ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి పోలీసులే తీసుకెళ్లారు. మందులు పడ్డాక ఆవిడ తన ఊరి పేరు చెప్పింది. ఇంటివాళ్ల కోసం వాకబు ఇంకా నడుస్తోంది.

అందరూ అడుక్కోవడం మానలేదు. పింఛను వస్తున్న ఒక పెద్దాయన పండగలకు గుడి మెట్ల దగ్గరికి వస్తూనే ఉన్నాడు. ఆయన్ని మేమేమీ అనలేదు.

ఆడిటర్ సంతకం చేసిన జమాఖర్చులు నోటీసు బోర్డులో ఉన్నాయి. వచ్చే ఏడాదికి పాత బట్టలు వద్దు, స్టోర్‌రూమ్ నిండిపోయింది. ఆధార్ కేంద్రానికి, ఆసుపత్రికి తోడు వెళ్లగలిగినవాళ్లు కార్యదర్శి దగ్గర పేరు రాయించండి.