వార్షిక నివేదిక: ఒక వడ్రంగి బల్ల, ఒక పెట్టెడు పాత పనిముట్లు

సంఘ సభ్యులందరికీ నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో మనం రెండు తీర్మానాలు చేసుకున్నాం. పనిశాలకు సొంతంగా ఒక వడ్రంగి బల్ల చేసుకోవాలన్నది మొదటిది. సభ్యులు ఇచ్చిన పాత చేతి పనిముట్లను మళ్లీ పనిలోకి తేవాలన్నది రెండోది. ఏడాది తిరిగేసరికి బల్ల నిలబడింది. పెట్టెలో ఉన్నవాటిలో ఎక్కువ భాగం ఇప్పుడు చెక్కను కోస్తున్నాయి. కొన్ని ఇంకా అలాగే ఉన్నాయి. ఒక రంపాన్ని మాత్రం మన చేతులతో మనమే చెడగొట్టుకున్నాం. ఆ సంగతి కూడా ఈ నివేదికలో ఉంది.

ఏది ముందు?

కార్యవర్గం తొలి సమావేశమంతా ఈ ఒక్క ప్రశ్నతోనే గడిచిపోయింది. చిత్రిక పట్టాలంటే, అంటే బ్లేడున్న పనిముట్టును తోస్తూ చెక్కను పొరలుగా తీసి నునుపు చేయాలంటే, చెక్క కదలకుండా ఉండాలి, అందుకు బల్ల కావాలి. బల్ల చేయాలంటే పలకలకు చిత్రిక పట్టాలి. చెట్టు ముందా విత్తు ముందా అన్న వాదనలా అది ఎంతకూ తెగలేదు. చివరికి ఒక పెద్దాయన తేల్చారు: "బల్ల చేయడానికి ఏవేవి తప్పనిసరో అవి మాత్రం ముందు బాగుచేద్దాం. మిగతావాటి సంగతి ఆ బల్ల మీదే చూద్దాం." అలా ఒక పొడవాటి చిత్రిక, ఒక నిలువుకోత రంపం, ఒక అడ్డకోత రంపం, రెండు ఉలులు, రంధ్రాలు వేసే ఒక బర్మా, మూలలు సరిచూసే ఒక మూలమట్టం ఎంచుకున్నాం. ఈ ఏడాది మనం తీసుకున్న నిర్ణయాల్లో ఇదే అన్నిటికంటే మంచిదని నా నమ్మకం. బాగుచేసిన ప్రతి పనిముట్టుకూ మరుసటి వారమే పని ఎదురుచూస్తూ ఉండేది. అది సరిగా పదునెక్కిందా లేదా అన్నది చెక్కే చెప్పేది.

మొదటి చిత్రిక

చేతికి వచ్చినప్పుడు అది ఎర్రటి ఇనుప ముద్దలా ఉంది. బ్లేడు పోత ఇనుముకు అతుక్కుపోయింది. విప్పి చూస్తే, బ్లేడు ఆనుకునే దిమ్మ వెనకాల పోతలోనే మూడు పేటెంటు తేదీలు కనిపించాయి: రెండు 1902వి, ఒకటి 1910 ఏప్రిల్‌ది. అంటే ఇది 1910 తర్వాత స్టాన్లీ అనే అమెరికన్ పనిముట్ల సంస్థ తయారు చేసిన చిత్రిక. ఈ నమూనాకు మూలపురుషుడు లెనార్డ్ బెయిలీ. మర తిప్పి బ్లేడు లోతును సవరించుకునే ఏర్పాటును ఆయన 1860లలో రూపొందించాడు. 1869లో స్టాన్లీ సంస్థ ఆయన పేటెంట్లను కొనుక్కుంది. ఇప్పటికీ ప్రపంచంలో అమ్ముడయ్యే ఇనుప చిత్రికల్లో ఎక్కువ భాగం ఆ అమరికకు నకళ్లే.

విప్పేటప్పుడు నేర్చుకున్న మొదటి పాఠం మరలను పోగొట్టుకోకూడదని. ఈ పాత చిత్రికల పిడి బోల్టులకు అంగుళానికి 20 చుట్లుండే ప్రత్యేకమైన మర ఉంటుంది. మామూలు బోల్టు అందులో ఎక్కదు. అందుకే విప్పిన ప్రతి భాగాన్నీ ఒక పళ్లెంలో పెట్టి, విప్పిన వరుసలోనే ఫోటో తీసి ఉంచుతున్నాం.

పోత ఇనుము భాగాల తుప్పును విద్యుత్తుతో వదలగొట్టాం. ప్లాస్టిక్ తొట్టిలో లీటరు నీటికి ఒక చెంచా చొప్పున వాషింగ్ సోడా కలిపి, బ్యాటరీ చార్జరు రుణ తీగను పనిముట్టుకూ ధన తీగను పాత ఇనుప ముక్కకూ తగిలించాం. మరునాటికి తుప్పు నల్లటి బురదగా మారి బ్రష్షుతో రుద్దితే ఊడి వచ్చింది. ఇక్కడ రెండు జాగ్రత్తలు. ధన తీగకు స్టెయిన్‌లెస్ స్టీలు ఎప్పుడూ తగిలించవద్దు. అందులోని క్రోమియం విషపూరితమైన రూపంలో నీళ్లలోకి దిగుతుంది. రెండోది, తొట్టిలోంచి పైకి వచ్చే బుడగల్లో హైడ్రోజన్ ఉంటుంది. కాబట్టి ఈ పని ఆరుబయటే, నిప్పుకు దూరంగా చేయాలి. తీగలు కదిలించే ముందు చార్జరు ఆపాలి. బయటికి తీసిన ఇనుము నిమిషాల్లోనే మళ్లీ ఎర్రబడుతుంది. వెంటనే కడిగి, ఆరబెట్టి, పలచగా నూనె రాయాలి.

చిత్రిక అడుగు మొత్తం అద్దంలా చదును కావాలని చాలామంది అనుకుంటారు, అవసరం లేదు. ముందు కొన, నోటి (బ్లేడు బయటికి వచ్చే సందు) చుట్టూ ఉన్న భాగం, వెనక కొన ఒకే మట్టంలో ఉంటే చాలు. అయితే గరుకు కాగితం మీద రుద్దేటప్పుడు బ్లేడును లోపలికి లాగి, బిగింపు మాత్రం పని చేసేటప్పుడు ఉన్నంతే ఉంచాలి. ఆ బిగింపుకు ఇనుము వెంట్రుకవాసి వంగుతుంది మరి. బ్లేడు వెనక వైపు అంచు దగ్గర ఒక వేలు వెడల్పు మేర నునుపు చేసి, ముందు వైపు 25 డిగ్రీల వాలు తీసి, చివరి అంచును 30 డిగ్రీల దగ్గర సానరాయి మీద నూరాం.

ఆ సాయంత్రం ఒక పలకను రెండు గుర్రాల (చెక్కను ఆనించే కాళ్ల స్టాండ్ల) మీద క్లాంపులతో బిగించి మొదటిసారి తోశాం. తొలి రెండు తోపులకు పొట్టు తప్ప ఏమీ రాలేదు. మర పావు చుట్టు తిప్పి మళ్లీ తోస్తే, నోట్లోంచి చెక్క పొర రిబ్బనులా చుట్టుకుంటూ పైకి లేచింది. కాగితంలా పలచగా, వెలుతురుకు పట్టుకుంటే ఈనెలు (చెక్కలోని నారపోగులు) కనిపించేలా ఉంది. అంతవరకూ గరగర మన్న చప్పుడు 'సుయ్' మన్న ఈలగా మారింది. ఆ పొరను పనిశాల గోడకు అంటించి ఉంచాం. ఇంకా అక్కడే ఉంది.

బల్ల తయారైన తీరు

నమూనాగా 18వ శతాబ్దిలో ఫ్రెంచ్ వడ్రంగి ఆంద్రే రూబో గీసి చూపిన బల్లను తీసుకున్నాం. మందమైన పైపలక, నాలుగు లావుపాటి కాళ్లు, అడ్డకమ్మీలు, అంతే. అందులోని తెలివంతా ఒక్కచోట ఉంది. కాళ్ల ముందరి ముఖం, పైపలక ముందంచు ఒకే మట్టంలో ఉంటాయి. తలుపు రెక్కలాంటి పొడవాటి చెక్కను ఆ ముందు భాగానికే ఆనించి, అంచుకు చిత్రిక పట్టుకోవచ్చు.

పైపలకను దాదాపు పది సెంటీమీటర్ల మందంతో చేశాం. అంత మందం గల ఒకే దిమ్మ ఎండాలంటే ఏళ్లు పడుతుంది. అందుకని బాగా ఎండిన పలకలను అంచు మీద నిలబెట్టి పక్కపక్కన అతికించాం. దీనికి ఇంకో లాభం ఉంది. చెక్క తేమ పీల్చి ఉబ్బినా, ఎండి కుదించుకుపోయినా, ఆ మార్పు వార్షిక వలయాల వెంట ఎక్కువగా, వాటికి అడ్డంగా దాదాపు సగమే ఉంటుంది. పలకలను నిలబెట్టి అతికిస్తే వలయాలు చాలావరకు నిటారుగా నిలుస్తాయి కాబట్టి పైపలక దొన్నెలా వంగే ప్రమాదం తగ్గుతుంది. అతికించే ముందు అన్ని పలకల ఈనెలూ ఒకే దిశకు వాలేలా పేర్చుకోవాలి. ఒక్కటి తిరగబడినా తర్వాత చిత్రిక పట్టేటప్పుడు అక్కడ చెక్క పెచ్చులుగా లేస్తుంది. మనం ఒక పలకను అలా తిరగేసి అతికించాం. ఎడమ చివర చేత్తో తడిమితే ఆ గరుకు ఇప్పటికీ తెలుస్తుంది.

కాళ్లకూ అడ్డకమ్మీలకూ మధ్య అతుకులకు ఒక్క మేకు కూడా వాడలేదు, జిగురూ వాడలేదు. కమ్మీ కొనను నాలుకలా చెక్కి, కాలిలో తొలిచిన బెజ్జంలోకి దించి, కొయ్యచీల కొట్టాం. చీల కోసం కాలికీ నాలుకకూ వేసే రంధ్రాలు ఒకదానికొకటి ఎదురుగా ఉండకూడదు. నాలుకలోని రంధ్రం కమ్మీ భుజం (నాలుక మొదట్లో కాలికి ఆనే అంచు) వైపు ఒకటిన్నర మిల్లీమీటర్లు జరిగి ఉండాలి. అప్పుడు చీల దిగుతున్నకొద్దీ నాలుకను లోపలికి లాగుతుంది. ఈ చీలలను రంపంతో కోయకూడదు. గొడ్డలితో చీల్చి తీసిన పుల్లలో ఈనె కొసాకొసా తెగకుండా ఉంటుంది కాబట్టి అది వంగినా విరగదు. మొదటి చీలను కోసిన చెక్కతో చేస్తే సగంలో పుటుక్కున విరిగింది. దాన్ని తొలిచి తీయడానికి పూటంతా పట్టింది. చీల్చి చేసిన చీల దిగుతుంటే భుజానికీ కాలికీ మధ్య ఉన్న సందు కళ్ల ముందే మూసుకుపోయింది. చూడటానికి వచ్చిన పిల్లలు "మళ్లీ ఒకటి కొట్టండి" అని అడిగారు.

ఎత్తు విషయంలో చాలా చర్చ జరిగింది. చేతితో చిత్రిక పట్టే బల్ల వంటింటి గట్టు కంటే కిందికే ఉండాలి. అప్పుడే ఒంటి బరువు చిత్రిక మీద పడుతుంది. నిటారుగా నిలబడి చేయి వేలాడదీస్తే చిటికెన వేలు అరచేతిని కలిసే చోటు ఒక మంచి కొలత. పొడవూ పొట్టీ సభ్యులందరి కొలతలూ తీసి, మధ్యస్థంగా పెట్టాం. పొడుగువారు బల్ల కాళ్ల కింద పెట్టుకునేందుకు రెండు చెక్క దిమ్మలు కూడా చేసి ఉంచాం.

పైపలకను చదును చేసే పని మూడు వారాలు పట్టింది. రెండు చివరలా రెండు సరళమైన పట్టీలు నిలబెట్టి, ఒకదాని మీదుగా రెండోదాన్ని ఒంటికంటితో చూస్తే మెలిక ఎక్కడుందో ఇట్టే తెలిసిపోతుంది. ముందు ఈనెకు అడ్డంగా, తర్వాత ఐమూలగా, చివరికి నిలువుగా చిత్రిక పట్టాం.

ఒక హెచ్చరిక

బల్లకు ఉడికించిన అవిసె నూనె పట్టించిన రోజు జరిగిన సంగతి ప్రతి సభ్యుడూ తెలుసుకోవాలి. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి చెత్తబుట్టలో వేశాం. గంటన్నర తర్వాత ఒక సభ్యురాలు ఏదో వాసన వస్తోందని మూత తీశారు. పై గుడ్డను పట్టుకోబోయి చేయి వెనక్కి తీసుకున్నారు. అప్పుడే ఇస్త్రీ చేసినంత వేడిగా ఉంది. ఈ నూనె ఆరేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని వేడిని విడుదల చేస్తుంది. ముద్దగా ఉన్న గుడ్డలో ఆ వేడి బయటికి పోలేక పెరిగి పెరిగి, నిప్పురవ్వ లేకుండానే అంటుకుంటుంది. ఇలా ఇళ్లు కాలిపోయిన సందర్భాలు ఉన్నాయి. ఆమె ముక్కు మన పనిశాలను కాపాడింది. నూనె గుడ్డలను నీళ్లు నింపిన మూత ఉన్న ఇనుప డబ్బాలో వేయాలి, లేదా ఆరుబయట ఒక్కొక్కటిగా విప్పి, పూర్తిగా గట్టిపడేదాకా ఆరేయాలి. ఈ నియమానికి మినహాయింపు ఎవరికీ లేదు.

చెడిపోయినవి, బతికినవి

ఒక అడ్డకోత రంపాన్ని తుప్పు వదులుతుందని వెనిగర్‌లో నానబెట్టి, మరచిపోయి రెండు రోజులు వదిలేశాం. ఆమ్లం తుప్పుతో ఆగదు, ఉక్కునూ తింటుంది. రంపం ఒళ్లంతా గుంటలు పడింది, దాని మీద చెక్కిన తయారీదారు ముద్ర చెరిగిపోయింది. పిడి మీది ఇత్తడి బిళ్లను బట్టే అది డిస్టన్ రంపమని తెలుస్తోంది. హెన్రీ డిస్టన్ 1840లో ఫిలడెల్ఫియాలో స్థాపించిన కర్మాగారం నుంచి వచ్చిన రంపాన్ని మన అజాగ్రత్తతో పోగొట్టుకున్నందుకు నాకు నిజంగా బాధగా ఉంది. దాన్ని ఇచ్చిన సభ్యుడికి సంఘం తరఫున క్షమాపణ చెప్పాం. ఆ తర్వాత రంపాల తుప్పును చెక్క ముక్కకు చుట్టిన గరుకు కాగితంతో, నూనె వేసి, ముద్ర ఉన్న చోట తేలికగా రుద్దుతూ మాత్రమే తీస్తున్నాం.

ఒక ఉలి కరెంటు సానచక్రం దగ్గర నీలిరంగుకు తిరిగింది. దాదాపు 300 డిగ్రీలు తాకితే వచ్చే రంగు అది. అక్కడ ఉక్కు మెత్తబడి పదును నిలవదు. ఆ నీలం ఉన్నంత మేర అరగదీసి మళ్లీ వాలు తీశాం. ఉలి కాస్త పొట్టిదయింది గానీ బతికింది.

పాత ఉలుల మీద కనిపించే 'కాస్ట్ స్టీల్' అన్న ముద్ర గురించి చాలామంది అడిగారు. పోత పోసి చేసిన నాసిరకం అని దాని అర్థం కాదు. 1740లలో ఇంగ్లండులోని షెఫీల్డు ప్రాంతంలో బెంజమిన్ హంట్స్‌మన్ ఉక్కును మూసలో పూర్తిగా కరిగించి, మలినాలు తేర్చి, అంతటా ఒకే తీరుగా ఉండేలా తయారు చేసే పద్ధతి కనిపెట్టాడు. అలాంటి ఉక్కని చెప్పుకోవడానికే ఆ ముద్ర. దయచేసి అలాంటి ఉలులను పాత ఇనుములో వేయకండి.

మెరుగు గురించి కార్యవర్గంలో భిన్నాభిప్రాయాలున్నాయి. ఇత్తడి తళతళలాడాలి, ఇనుము అద్దంలా ఉండాలి అని కొందరి కోరిక. నా అభిప్రాయం వేరు. తుప్పు పోవాలి, అంచు పదునెక్కాలి, పిడి గట్టిగా కూర్చోవాలి. అంతకుమించి గీకవద్దు. మన దగ్గరున్న ఒక చెక్క చిత్రిక పక్కన ఎవరి బొటనవేలో ఏళ్ల తరబడి ఆనిన చోట చిన్న పల్లం ఉంది. ఎవరు పట్టుకున్నా వేలు అక్కడికే పోయి కూర్చుంటుంది. దాన్ని చదును చేసి వార్నీషు పూస్తే మనకు మిగిలేది ఏమిటి? ఈ విషయం ఓటింగుకు పెట్టాలని సభ్యులను కోరుతున్నాను.

రాబోయే ఏడాది

బల్లకు కాలి వైసు (చెక్కను బల్ల కాలికి ఆనించి బిగించి పట్టే సాధనం) బిగించడం మిగిలింది. రంపాల పళ్లు ఆకురాయితో నూరడం మీద తరగతులు పెట్టాలని అనుకుంటున్నాం. నిలువుకోత పళ్లు ఉలుల వరుసలా, అడ్డకోత పళ్లు కత్తి మొనల్లా ఉంటాయి. రెండింటినీ ఒకే తీరున నూరి పాడు చేసుకోవడం చాలాచోట్ల చూస్తున్నాం. ఆదాయ వ్యయాల పట్టిక విడిగా జతచేశాం.

చివరిగా ఒక విన్నపం. మీ ఇంట్లోని పాత పనిముట్లు తెచ్చేటప్పుడు తుడవకుండా, రుద్దకుండా, ఉన్నవి ఉన్నట్టుగా తీసుకురండి. వాటితో పాటు డబ్బాలో దొరికే చిన్న మరలు, విరిగిన పిడి ముక్కలు, అరిగిన బ్లేడ్లు కూడా తెచ్చివ్వండి. పొడవాటి చిత్రికకు సరిపోయే ఒక పిడి బోల్టు కోసం ఇంకా వెతుకుతున్నాం.

ఇట్లు,
కార్యదర్శి