ఉప్పునీళ్ల అక్వేరియంకి సగం నీళ్లు మార్చమని చెప్పకండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న మీ పేపర్లో అక్వేరియంల మీద వచ్చిన వ్యాసంలో ఉప్పునీళ్ల ట్యాంకుకైనా నెలకోసారి సగం నీళ్లు మార్చేస్తే చాలని రాశారు, కొత్తవాళ్లు అది చదివి అలాగే చేసేస్తారేమోనని భయమేసి ఇది రాస్తున్నా. మొదట్లో నేనూ అదే చేశా. సగం నీళ్లు తోడేసి అప్పటికప్పుడు ఉప్పు కలిపి పోసేశా, గంట తిరక్కుండానే కోరల్స్ అన్నీ ముడుచుకుపోయాయి, క్లౌన్ ఫిష్ రెండూ ఓ మూలకి చేరి గబగబా మొప్పలాడిస్తున్నాయి. ఆ నీళ్ల సాలినిటీ, అంటే ఉప్పు ఎంతుందో చూడలేదు, వేడీ చూడలేదు. ఇప్పుడైతే ముందురోజే ఆర్వో నీళ్లలో ఉప్పు కలిపి, పంపు వేసి రాత్రంతా తిప్పి, సాలినిటీ 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35 పాళ్లు ఉప్పు) వచ్చాకే పోస్తున్నా.

ఇక ఎంత మార్చాలంటే, వారానికి మీ ట్యాంకులో నైట్రేట్ (చేపల వ్యర్థాలు, మిగిలిన మేత వల్ల నీళ్లలో పేరుకునేది) ఎంత పెరుగుతోందో ముందు కొలవాలి. 20 శాతం నీళ్లు మారిస్తే ఉన్న నైట్రేట్‌లో 20 శాతమే పోతుంది, మిగతాదంతా లోపలే ఉంటుంది కదా. నైట్రేట్ వారానికి 5 పీపీఎం (పది లక్షల పాళ్లలో 5 పాళ్లు) పెరిగే ట్యాంకులో వారం వారం 10 శాతం మారుస్తూ కూర్చుంటే అది మెల్లగా 50 దాకా ఎక్కి అక్కడ ఆగుతుంది, ఎందుకంటే 50లో పదోవంతు ఆ 5 కాబట్టి పెరిగిందీ పోయిందీ సరిపోతాయి. అదే 25 శాతం మారిస్తే 20 దగ్గరే ఆగుతుంది. అంతకన్నా తగ్గాలంటే మేత తగ్గించాలి, స్కిమ్మర్ (నురగతో మురికిని బయటికి లాగే పరికరం) సరిగా పనిచేస్తుందో లేదో చూసుకోవాలి, ఇంకా ఇంకా నీళ్లు తోడుతూ పోతే లాభం లేదు.

నైట్రేట్ ఇప్పటికే 40 పీపీఎం ఉంటే కంగారుపడి ఒకేసారి దింపొద్దు, 25 శాతం చొప్పున నాలుగైదు విడతల్లో దింపండి. అమోనియా కనిపిస్తే మాత్రం వేరే సంగతి, అప్పుడు ఎక్కువ నీళ్లు మార్చక తప్పదు, అప్పుడైనా కొత్త నీళ్ల సాలినిటీ, వేడి ట్యాంకు నీళ్లతో సరిపోవాల్సిందే.

ఇంకోటి, ఆవిరైపోయిన నీళ్ల బదులు ఉప్పునీళ్లు పోయకండి. ఉప్పు ఆవిరి కాదు, లోపలే ఉంటుంది, అందుకే అక్కడ మంచినీళ్లే పోయాలి.

దయచేసి వచ్చే వారం ఆ పేజీలోనే ఈ సవరణ వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు