ఖాళీ సమాధి ఒక్కటే ఆధారం కాదు

సంపాదకులకు నమస్కారం.

క్రీస్తు పునరుత్థానంపై క్రైస్తవుల నమ్మకానికి ఆయన సమాధి ఖాళీగా కనిపించడం ఒక్కటే ఆధారమన్న అభిప్రాయం తరచూ వినిపిస్తుంది. యేసు జీవితాన్ని చెప్పే సువార్తలకన్నా ముందే, సుమారు క్రీ.శ. 55లో, తొలి క్రైస్తవ బోధకుడు పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక (లేఖ) 15వ అధ్యాయంలో, తిరిగి లేచిన యేసు కేఫాకు (పేతురుకు), పన్నెండుగురు శిష్యులకు, 500 మందికి పైగా సహోదరులకు, యాకోబుకు కనిపించాడని, ఆ 500 మందిలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారని పేర్కొన్నాడు. అనుమానమున్నవారు వెళ్లి అడగవచ్చనే కదా దాని అర్థం! స్త్రీల సాక్ష్యానికి అంతగా విలువ ఇవ్వని ఆ కాలంలో నాలుగు సువార్తలూ యేసు శిష్యురాలైన మగ్దలేనే మరియను సమాధి దగ్గర సాక్షిగా నిలబెట్టడం కల్పన చేసేవారు ఎంచుకునే పద్ధతి కాదు. ఇవి అందరినీ ఒప్పించే రుజువులని నేను అనను; కానీ ఈ విశ్వాసం తరతరాల తర్వాత పుట్టిన కట్టుకథ అన్న వాదన మాత్రం ఆ పత్రిక ముందు నిలవదు.

– ఒక పాఠకుడు, గుంటూరు