సీల్ వేయడం ఎవరు నేర్పుతారు?

సంపాదకులకు నమస్కారం.

ప్రకాశం జిల్లా చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో తిరిగే ప్రొక్లెయిన్‌ల చేతులను ఆయిల్ ఒత్తిడితో ఆడించే హైడ్రాలిక్ సిలిండర్లను 26 ఏళ్లుగా విప్పి బిగిస్తున్నవాడిని. ఆయిల్ కారుతోందంటూ మా షెడ్డుకు వచ్చే సిలిండర్లలో చాలావాటికి అంతకు కొద్ది నెలల ముందే కొత్త సీల్ కిట్, అంటే ఆయిల్ బయటికి రాకుండా ఆపే రింగుల సెట్టు, వేసి ఉంటుంది. యజమాని మొదట తిట్టేది కిట్ అమ్మిన దుకాణాన్నే. తీరా విప్పి చూస్తే, ఎక్కువసార్లు తప్పు, సీల్‌ను గాడిలో కూర్చోబెట్టిన చేతిదని, ఆ చేతికి పని సరిగా నేర్పని మా అందరిదని తేలుతుంది.

గత వేసవిలో ప్రొక్లెయిన్ పెద్ద చేతిని, అంటే బూమ్ ను, లేపే సిలిండర్ ఒకటి మూడోసారి కారడంతో మా దగ్గరకు వచ్చింది. వేరేచోట అప్పటికి రెండు కిట్లు మార్చారు. రెండోది బాగా ఖరీదైనది. సిలిండర్ లోంచి బయటికి సాగే రాడ్ చుట్టూ ఉండే సీల్‌ను తీసి వెలుతురులో పట్టుకుంటే లోపలి అంచు మీద బ్లేడుతో గీసినట్టు సన్నని కోతలు కనిపించాయి. రాడ్ చివర నట్టు బిగించే మరలే ఆ కోతలు పెట్టాయి. ఈ సీల్ కూర్చునే సిలిండర్ మూతను, అంటే గ్లాండ్‌ను, రాడ్ మీదికి ఎక్కించేటప్పుడు సీల్ ఆ మరల మీదుగా జారక తప్పదు. వాటికి ఏ తొడుగూ వేయకుండా సుత్తితో నాలుగు దెబ్బలు వేసి తోసేశారు. ఖాళీ కూల్‌డ్రింక్ సీసాను కోసి, ఆ ప్లాస్టిక్‌ను మరల చుట్టూ చుట్టి, ఆయిల్ రాసి జార్చితే తీరిపోయే సమస్య అది. మేము అలాగే వేశాం. ఆ సిలిండర్ మళ్లీ షెడ్డుకు రాలేదు.

ఇంగ్లండులో 1795లో జోసెఫ్ బ్రామా హైడ్రాలిక్ ప్రెస్‌కు పేటెంటు పొందిన కాలంలోనూ పెద్ద చిక్కు కారుడు దగ్గరే వచ్చింది. ఆయన దగ్గర పనిచేసిన హెన్రీ మాడ్‌స్లే తోలును గిన్నెలా వంచి అమర్చి ఆ చిక్కు విప్పాడని చెబుతారు. లోపలి నీటి ఒత్తిడే ఆ తోలు అంచును గోడకు అదిమి పెట్టేది. నేటి యు ఆకారపు సీల్ కూడా ఇదే సూత్రం మీద పనిచేస్తుంది కాబట్టి, దాని తెరిచిన నోరు ఒత్తిడి వచ్చే వైపుకే ఉండాలి. తిరగేసి వేస్తే ఎంత మేలురకం సీలైనా ఆయిల్‌ను ఆపలేదు. పని నేర్చుకునే రోజుల్లో నేనూ ఒకసారి అలా వేసి, బూమ్ లేపగానే ముఖమంతా ఆయిల్ పులుముకున్నవాడినే.

పాలీయురేథేన్ సీల్‌ను వేళ్లతో చిక్కుడుగింజలా వంచి గాడిలో వదలాలి తప్ప స్క్రూడ్రైవర్ మొనతో పొడవకూడదు. సిలిండర్ లోపల రాడ్ కొసన ఉండే పిస్టన్ మీది టెఫ్లాన్ రింగును వేడి చేసి సాగదీసి ఎక్కించాక, బిగుతైన స్లీవ్‌లో ఉంచి తిరిగి తన కొలతకు తేవాలి. ఈ రెండో సగం పని చాలామంది ఎగ్గొడతారు, ఆ ఉబ్బిన రింగు బ్యారెల్ (సిలిండర్ గొట్టం) నోటి దగ్గరే తెగుతుంది. రాడ్ మీద గోరుకు తగిలే గీత ఉంటే కొత్త సీల్ వేసినా దండగే. క్వారీ దుమ్ముకు మొదటి కాపలా అయిన డస్ట్ సీల్‌ను, బాగానే ఉందిలే అని పాతదే ఉంచడం మరో దురలవాటు.

బిగించాక సిలిండర్‌ను బరువు లేకుండా, నెమ్మదిగా కొన్నిసార్లు ఆడించి గాలిని వెళ్లగొట్టాలి. లోపల చిక్కిన గాలి ఒక్కసారిగా నలిగితే వేడెక్కి సీల్ అంచును మాడ్చేస్తుంది. పని తొందరలో ఉన్న ఆపరేటర్‌కు ఈ పది నిమిషాలు ఇవ్వడం ఎందుకో మహా కష్టం.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది, కారుతున్న చోటును చేత్తో తడిమి వెతకడం. కారు టైరులో గాలి ఒత్తిడి రెండు బార్ల పైచిలుకు. ప్రొక్లెయిన్ ఆయిల్ ఒత్తిడి 300 బార్లు దాటుతుంది. సూది బెజ్జమంత సందు నుంచి వచ్చే ధార చర్మాన్ని దూసుకుని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినంత గుర్తే కనిపించినా, వెంటనే శస్త్రచికిత్స చేయించకపోతే వేలో, చెయ్యో తీసేయాల్సి రావచ్చు. అట్టముక్క అడ్డుపెట్టి చూడటం, విప్పేముందు బూమ్‌ను నేలకు ఆనించి ఒత్తిడి పూర్తిగా వదిలేయడం ప్రతి షెడ్డులోనూ నియమం కావాలి.

నేను కోరేది రెండే. మేము కొనే కిట్ పొట్లాల మీద పార్టు నంబరు, కొలతలు ఆంగ్లంలో ఉంటున్నాయే గాని ఏ సీల్ నోరు ఏ వైపుకో చూపే బొమ్మ ఉండటం లేదు. కంపెనీలూ డీలర్లూ తెలుగులో ఒక్క కాగితం జతచేస్తే ఖర్చు ఎంతో కాదు. మా దగ్గరకు ఐటీఐ ముగించి వచ్చే కుర్రాళ్లు తెలివైనవారే గాని, వారిలో సిలిండర్‌ను సొంత చేతులతో విప్పినవారు అరుదు. అసలు సిలిండర్ మీదే వారికి ఈ పని నేర్పాలి. వాడకం అయిపోయిన సిలిండర్లు మా షెడ్డు వెనకాల నాలుగు పడి ఉన్నాయి. ఏ ఐటీఐ వారు అడిగినా ఉచితంగా ఇస్తాం.

ఇట్లు,
ఒక హైడ్రాలిక్ మెకానిక్,
చీమకుర్తి