వార్షిక నివేదిక: రోల్‌ప్లేయింగ్ గేములకు ఏ స్టూడియో తగినది?

సభ్యులందరికీ నమస్కారం. సిరిమానోత్సవం జరిగిన నెల మినహా విజయనగరంలో మన కంప్యూటర్ గేముల సంఘం సమావేశాలు ఈ ఏడాది క్రమం తప్పలేదు. జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా అందజేస్తారు.

ఏడాదిలో ఎక్కువ కాలం తినేసింది ఒకే చర్చ: కంప్యూటర్ రోల్‌ప్లేయింగ్ గేములు (ఆడేవారు ఒక పాత్రగా మారి కథను నడిపించే ఆటలు) చేయడానికి ఇప్పుడు ఏ స్టూడియో, అంటే ఏ గేముల తయారీ సంస్థ, తగినది? పెద్ద సభ్యులు మొదట బయోవేర్ పేరే చెప్పారు. 1998లో ‘బాల్డర్స్ గేట్’, 2009లో ‘డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్’ ఇచ్చిన సంస్థ మీద ఆ అభిమానం సహజమే. అయితే బ్యానర్ చూసి సినిమా టికెట్ కొనే అలవాటు ఇక్కడ పనికిరాదని కార్యవర్గం అభిప్రాయం. 1999లో ‘ప్లేన్‌స్కేప్: టార్మెంట్’ చేసిన బ్లాక్ ఐల్ స్టూడియో 2003లో మూతపడింది. అక్కడివారే అదే ఏడాది అబ్సిడియన్ అనే స్టూడియో స్థాపించారు. 2012లో అభిమానుల నుంచే దాదాపు 40 లక్షల డాలర్లు సేకరించి ‘పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీ’ చేశారు. పోరాటాన్ని దాదాపు పక్కన పెట్టి సంభాషణల మీదే నడిచే ‘డిస్కో ఎలిసియం’ (2019) సంగతి దీనికి తలకిందులు: స్టూడియో పేరు అలాగే ఉంది, ముఖ్య రచయిత రాబర్ట్ కుర్విట్జ్ మాత్రం అక్కడ లేరు.

చివరికి మొగ్గు లారియన్ స్టూడియో వైపే. బెల్జియంలోని ఘెంట్ నగరానికి చెందిన ఈ సంస్థ ‘బాల్డర్స్ గేట్ 3’ మొదటి అంకాన్ని 2020 అక్టోబరులోనే అమ్మకానికి పెట్టింది. ఆడినవారి అభిప్రాయాలు వింటూ దిద్దుకుని 2023 ఆగస్టులో పూర్తి గేమును విడుదల చేసింది. తన గేములను తానే ప్రచురించుకుంటుంది కాబట్టే అంత ఓపిక పట్టగలిగిందని మా నమ్మకం. ఔల్‌క్యాట్ అనే మరో స్టూడియోను సమర్థించినవారు తక్కువే, కానీ గట్టివారు. ఆ స్టూడియో గేములకు ఆధారమైన ‘పాత్‌ఫైండర్’ అనే బల్లమీద ఆడే ఆట నియమాల లోతు వారికి ప్రాణం. పాత్రను తయారుచేసుకోవడానికే ఒక సాయంత్రం పట్టినా విసుక్కోరు.

‘బాల్డర్స్ గేట్ 3’కు 150 జీబీ ఖాళీ కావాలి. చాలామంది సభ్యుల కంప్యూటర్లలో అంత చోటు లేదు. అందువల్ల వచ్చే ఏడాది అదే సంస్థ 2017లో తెచ్చిన ‘డివినిటీ: ఒరిజినల్ సిన్ 2’ను జట్లుగా ఆడాలని తీర్మానించాం. ఒక జట్టులో నలుగురికే వీలుంది. ఆసక్తిగలవారు చందా బకాయి చెల్లించి కార్యదర్శి వద్ద పేరు నమోదు చేసుకోవాలి.