ఇంటర్న్‌షిప్ లాగ్‌బుక్‌లో ఒక్క గడి కోసం: ఉన్నత విద్యాశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యాశాఖ మంత్రిగారికి నమస్కారాలు.

నేను డిగ్రీ కళాశాలలో కామర్స్ బోధిస్తాను. ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేయడం మన రాష్ట్రం తీసుకున్న మంచి నిర్ణయమని నమ్మేవాళ్లలో నేనూ ఒకదాన్ని. అందులోని ఒక లోటును తమ దృష్టికి తేవడానికే ఈ లేఖ.

మా బీకాం విద్యార్థిని ఒకామె ఆడిటర్ ఆఫీసులో చేరింది. పొద్దుటినుంచి సాయంత్రం దాకా కొనుగోలు బిల్లులను ట్యాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించడమే పని. కొందరు డీలర్లు పంపే బిల్లుల్లో క్లయింటు జీఎస్టీ నంబరు తరచూ తప్పు పడుతోందనీ, దానివల్ల ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్ల మీద కట్టిన పన్నును తాము కట్టాల్సిన పన్నులో తగ్గించుకునే వీలు) ఆగిపోతోందనీ గమనించి, ఆ డీలర్ల పేర్లు కాగితం మీద రాసి మానిటర్ పక్కన అంటించుకుంది. సీనియర్‌ను అడిగి వాళ్లకు తానే ఫోన్లు చేసింది. నెల తిరిగేసరికి జీఎస్టీ రిటర్నులు వేసే ముందు బిల్లులు సరిచూసే బాధ్యత ఆమె చేతికి వచ్చింది. ఇంటర్న్‌షిప్‌లో ఏ రోజు పని ఆ రోజు రాసే లాగ్‌బుక్‌లో మాత్రం ఆ రోజులన్నిటికీ ‘బిల్లుల నమోదు’ అన్న రెండు మాటలే ఉన్నాయి. ఉద్యోగ ఇంటర్వ్యూలో ఏం పని చేశావని అడిగితే ‘డేటా ఎంట్రీ అండీ’ అని చెప్పి వచ్చేసింది. తాను చేసినదానికి ఒక పేరుందని మేం ఆమెకు నేర్పలేదు. ఆ తప్పు మాది.

ఆ పేరు జాబ్ క్రాఫ్టింగ్. ఎమీ రెజ్‌నెస్కీ, జేన్ డటన్ అనే అమెరికన్ పరిశోధకులు 2001లో దీన్ని ప్రతిపాదించారు. ఆసుపత్రి శుభ్రం చేసే సిబ్బందిలో కొందరు రోగులనూ వారి బంధువులనూ పలకరిస్తూ, నర్సుల పనికి అనువుగా తమ వేళలు సర్దుకుంటూ, తామూ రోగి కోలుకోవడానికి తోడ్పడుతున్నామని భావించడాన్ని వారు ఉదాహరణగా చూపారు. చేసే పనులను, పనిలో మనుషులతో సంబంధాలను, పనిని చూసే చూపును ఉద్యోగి తనంతట తాను మలచుకోవడమే దీని సారం.

లాగ్‌బుక్‌లో ‘ఈ పనిలో నేను మార్చినది ఏమిటి, ఎవరిని అడిగి మార్చాను’ అన్న గడి ఒకటి చేర్చించండి. వైవాలో (మౌఖిక పరీక్షలో) దాని మీద ఒక ప్రశ్న ఉండేలా చూడండి. ఇంటర్న్‌షిప్‌కు పంపేముందు రెండు మూడు తరగతులు దీనికే కేటాయిస్తే, బోధించడానికి మాలాంటివాళ్లం సిద్ధంగా ఉన్నాం.

ఒక జాగ్రత్త కూడా అవసరం. ఇంటర్న్‌లను జెరాక్సులకూ టీలకూ పరిమితం చేసే సంస్థలకు ఇది సాకు కాకూడదు. పని నేర్పే బాధ్యత సంస్థదే; నేర్చిన పనిని మలచుకునే వెసులుబాటు విద్యార్థికి దక్కాలి.

వచ్చే విద్యా సంవత్సరపు లాగ్‌బుక్‌లు అచ్చుకు వెళ్లేలోపే ఈ మార్పును పరిశీలించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక డిగ్రీ కళాశాల కామర్స్ అధ్యాపకురాలు