పాత డీజిల్ ఇంజనును మొదటి రోజే స్టార్ట్ చేయకండి

సంపాదక మహాశయులకు నమస్కారం.

మూతపడిన కర్మాగారాల ఆవరణల్లో, గనుల సైడింగుల్లో పొదల మధ్య మిగిలిపోయిన పాత డీజిల్ షంటింగ్ ఇంజన్లను పాత ఇనుము కింద అమ్మనివ్వకుండా కాపాడాలని ఎవరైనా ముందుకు వచ్చినప్పుడు నాకు సంతోషం కలుగుతుంది, ఆ వెంటనే భయమూ వేస్తుంది. అలాంటి ఇంజను దగ్గరికి చేరినవారిలో చాలామంది మొదట చేసే పని కొత్త బ్యాటరీలు తెచ్చి బిగించి, తిరుగుతుందో లేదో చూడటం. ఇరవై ఏళ్ల తుప్పు చేయని నష్టాన్ని ఆ ఉత్సాహం పది సెకన్లలో చేయగలదు.

ఇలాంటి ఇంజనుకు ఆవిరి ఇంజనుకున్న ఆకర్షణ లేదన్నది నిజమే. చక్రాల మీద ఇనుప పెట్టెలా ఉంటుంది, వ్యాగన్లను అటూ ఇటూ నెట్టడమే తప్ప ప్రయాణికులను మోసిన పేరూ ఉండదు. అయినా ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో 1960 జూన్‌లో మిడిల్టన్ రైల్వేను స్వచ్ఛంద కార్యకర్తలు చేపట్టినప్పుడు వారి మొదటి బండిని లాగింది ఆవిరి ఇంజను కాదు, హన్స్‌లెట్ కంపెనీ 1932లో తయారుచేసిన డీజిల్ షంటరు. దాని వెనక ఉన్నది ఒక పాత ట్రాము పెట్టె. పాతవాటిని కాపాడే ఉద్యమంలో డీజిల్‌ది తర్వాత వచ్చిన స్థానం కాదని గుర్తుచేయడానికే ఈ మాట రాస్తున్నాను.

తొందరపడవద్దనడానికి కారణాలు యంత్రంలోనే ఉన్నాయి. ఏళ్ల తరబడి కదలని ఇంజనులో పిస్టన్ రింగులు లైనర్లకు, అంటే సిలిండర్ల లోపలి గొట్టాలకు, అతుక్కుపోతాయి, బేరింగుల మీది నూనె పొర జారిపోతుంది, ఇంజను కింద నూనె నిలిచే సంపు అడుగున నీళ్లు చేరతాయి. అన్నిటికంటే ప్రమాదకరమైనది ఫ్యూయల్ పంపులో ఇంధనం మోతాదును మార్చే కడ్డీ, అంటే ర్యాక్, బిగుసుకుపోవడం. అది ఎక్కువ ఇంధనం ఇచ్చే చోట ఇరుక్కుని ఉంటే, స్టార్టయిన ఇంజను, వేగాన్ని అదుపు చేసే గవర్నరు మాట వినకుండా వేగం పెంచుకుంటూ పోయి చివరకు ముక్కలవుతుంది. డీజిల్ ఇంజనులో స్పార్కు ప్లగ్గు ఉండదు కనుక స్విచ్చి కట్టేస్తే ఆగదు, ఇంధనమైనా ఆగాలి, గాలైనా ఆగాలి. అందుకే మొదటిసారి స్టార్ట్ చేసే రోజున గాలి వెళ్లే గొట్టాన్ని ఒక్కసారిగా మూయడానికి సరిపోయే బల్ల చేతిలో పట్టుకుని ఒక మనిషి నిలబడి ఉండాలి, అతనికి వేరే పని చెప్పకూడదు.

మేము నలుగురం కలిసి బాగుచేసిన ఇంజను విషయంలో ముందుగా ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లు విప్పి, ఆ రంధ్రాల గుండా ప్రతి సిలిండరులోకి పలుచని నూనె పోసి, రోజూ ఫ్లైవీల్‌ను గునపంతో మెల్లగా, రెండు వైపులా ఒత్తి చూసేవాళ్లం. ఎనిమిదో రోజు సాయంత్రం ఫ్లైవీల్ అంచు మీద సుద్దతో గీసిన గీత బొటనవేలి మందాన పక్కకు జరిగింది. ఆ తర్వాత ఎయిర్ ఫిల్టరు డబ్బా మూత తీస్తే నిండా ఎలుకల గూడు, గోనె పీచు, గడ్డి. మొదటి రోజే స్టార్టరు నొక్కి ఉంటే అదంతా నేరుగా సిలిండర్లలోకి వెళ్లి ఉండేది.

అయితే మమ్మల్ని ఎక్కువ కాలం ఏడిపించింది ఇంజను కాదు, గేరుబాక్సు. ఆ రైలింజనును మా షెడ్డుకు చేర్చే ముందు ఎవరో చక్రాలను తిప్పే కప్లింగ్ రాడ్లు విప్పకుండానే పట్టాల మీద లాగారు. చక్రాలతో పాటు నూనె లేని గేర్లూ తిరిగి పళ్లన్నీ గీసుకుపోయాయి. రెండు గంటల పని తప్పించుకోవడానికి చేసిన ఆ పనిని సరిదిద్దడానికి మాకు పద్నాలుగు నెలలు పట్టింది. క్రేనుతో ఎత్తాల్సి వచ్చినా ఊహించిన బరువును నమ్మకూడదు, ఎందుకంటే చక్రాలకు పట్టు రావడానికి ఇలాంటి ఇంజన్ల ఫ్రేములో పోత ఇనుము దిమ్మెలు అదనంగా పేర్చి ఉండవచ్చు.

పొగగొట్టం చుట్టూ ఉన్న తెల్లని పీచు ఆస్‌బెస్టాస్ కావచ్చు, దాన్ని చేతులతో పీకకూడదు, శిక్షణ ఉన్నవారికే వదలాలి. పాత రంగులో సీసం ఉండవచ్చు కనుక పొడిగా గీకకూడదు. బ్రేకుల గాలి ట్యాంకును ముందుగా నీటి ఒత్తిడితో పరీక్షించాలి. గాలితో పరీక్షిస్తూ ట్యాంకు పగిలితే అది బాంబుతో సమానం.

ఇక కర్మాగారాల యాజమాన్యాలకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. ఇంజనును ఇచ్చేటప్పుడు దానికి సంబంధించిన కాగితాలు కూడా ఇవ్వండి. తయారీ నంబరున్న ఇత్తడి పలక చాలాసార్లు ఎవరి ఇంటి గోడకో చేరిపోయి ఉంటుంది, అప్పుడు కప్లింగ్ రాడ్ల మీద పొడిచిన అంకెలను బట్టి ఇంజను ఏదో పోల్చుకోవాల్సి వస్తుంది. విడిభాగాల పుస్తకం, మరమ్మతు రిజిస్టరు, నూనె మరకలతో ఉన్న వైరింగ్ పటం మెయింటెనెన్స్ గదిలోని ఏదో బీరువాలో ఇప్పటికీ ఉండవచ్చు. తుక్కు టెండరు పిలిచే ముందు ఆ బీరువా ఒకసారి తెరిచి చూడండి.

ఇట్లు,
ఒక విశ్రాంత డీజిల్ మెకానిక్